నాలుగు నట్ల మస్టాంగ్‌కి ఐదు నట్లు: వెనక యాక్సిల్, బ్రేకులు మార్చిన సంగతి

పాత కారుకి వెనక యాక్సిల్ (వెనక చక్రాల్ని తిప్పే ఇరుసు, దాని గేర్లు) మార్చానని చెప్పగానే అందరూ అడిగేది ఒకటే, రేషియో ఎంత అని, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజిన్ వైపు షాఫ్ట్ ఎన్నిసార్లు తిరగాలో ఆ లెక్క. లిమిటెడ్ స్లిప్పా (ఒక చక్రం జారినా రెండోదానికీ ఊపు అందించే రకమా) కాదా అని ఇంకొందరు అడుగుతారు. బ్రేకులేం చేశావని అడిగినవాళ్ళు చాలా తక్కువ. నా లెక్కలో మాత్రం పాత కారు వెనక యాక్సిల్ మార్చడమంటే మొదట బ్రేకుల పని, గేర్ల సంగతి ఆ తర్వాతే. ఈ పోస్టంతా దాని గురించే, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

కారు 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్. ఆ కాలపు మస్టాంగ్ మీద ఫ్యాక్టరీ వాళ్ళు కొట్టిన గుర్తింపు నెంబరు చదవడం తేలిక. మొదటి అంకె 6 అంటే 1966 మోడల్, తర్వాతి అక్షరం టి అంటే మెటచెన్ ప్లాంటు, 07 అంటే హార్డ్‌టాప్, దాని పక్కన ఇంకో టి ఉంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజిన్. నా కారుకి రెండు టి లూ ఉన్నాయి. మెటచెన్ ప్లాంటని పేరే గానీ అది ఉన్నది న్యూజెర్సీలోని ఎడిసన్‌లో, రూట్ 1 అనే రోడ్డు పక్కన. 2004లో మూతపడింది, ఇప్పుడక్కడ షాపులొచ్చాయి. న్యూజెర్సీ తెలుగువాళ్ళలో సగం మంది వారం వారం ఆ రోడ్డు మీదే తిరుగుతుంటారు, అక్కడ మస్టాంగులు తయారయ్యేవని చెబితే చాలామంది నమ్మరు. నేను ఈ కారునే కొనడానికి అదొక పెద్ద కారణం. మనం ఉండే ఊళ్ళో పుట్టిన బండి.

ఇప్పుడు నా కారులో ఉన్నది ఆ ఆరు సిలిండర్ల ఇంజిన్ కాదు. ఎప్పుడో ఒక పాత యజమాని దాన్ని తీసేసి 302 వీ8 (302 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) పెట్టాడు. ఇంజిన్ బాగానే కూర్చోబెట్టాడు, పని శుభ్రంగానే ఉంది, కానీ ఇంజిన్ దగ్గరే ఆగిపోయాడు. కింద ఉన్నవన్నీ ఆరు సిలిండర్ల కారువే, వెనక యాక్సిల్ అదే, బ్రేకులు అవే, స్టీరింగ్ రాడ్లూ అవే. ఆ పాత ఇంజిన్ 120 హార్స్‌పవర్‌ది, దాని స్థానంలో ఇప్పుడున్నది దాదాపు రెట్టింపు లాగుతుంది. ఆపే సామాను మాత్రం 120కి సరిపోయేదే. ఇలాంటి కార్లు అమ్మకానికి చాలా ఉన్నాయి, కొనేముందు కనిపెట్టడానికి బానెట్ ఎత్తక్కర్లేదు, చక్రం దగ్గర కూర్చుని నట్లు లెక్కపెట్టండి. ఆ ఏళ్ళ మస్టాంగ్‌లో నాలుగు నట్లుంటే ఆరు సిలిండర్లది, ఐదుంటే వీ8ది. లోపల వీ8 ఉండి చక్రానికి నాలుగే నట్లున్నాయంటే ఆ కారు ఇంకా సగం పనిలోనే ఉందని అర్థం.

నట్లు తక్కువైతే ఏమవుతుందంటారా? సమస్య నట్లది కాదు, వాటి వెనకాల ఉన్నదంతా చిన్నదే. మస్టాంగ్‌ని ఫోర్డ్ వాళ్ళు ఫాల్కన్ అనే చవక కారు విడిభాగాల మీద కట్టారు, అందుకే అంత తక్కువ ధరకి ఇవ్వగలిగారు, 1964 ఏప్రిల్‌లో బయటికొస్తే 1966 మార్చి కల్లా పది లక్షల కార్లు తయారైపోయాయి. ఆరు సిలిండర్ల మోడల్‌కి ఫాల్కన్ సామానే దాదాపు ఉన్నదున్నట్టు వచ్చింది. వెనక యాక్సిల్‌లో క్రౌన్ వీల్ (పినియన్ అనే చిన్న గేరు తిప్పే పెద్ద పళ్ళ చక్రం) వ్యాసం 7.25 అంగుళాలు. బ్రేక్ డ్రమ్ములు 9 అంగుళాలవి, నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. వీ8 కొన్నవాళ్ళకి 8 అంగుళాల యాక్సిల్, 10 అంగుళాల డ్రమ్ములు ఇచ్చారు, కావాలంటే ముందు డిస్కులు కూడా ఆప్షన్‌గా ఉండేవి. అంటే ఆ తేడా అవసరమని ఫోర్డ్‌కి అప్పుడే తెలుసు.

డ్రమ్ బ్రేకులు పనికిరావని నేను అనను. చల్లగా ఉన్నప్పుడు, పొడిగా ఉన్నప్పుడు, సరిగ్గా అడ్జస్ట్ చేసి ఉన్నప్పుడు మొదటి బ్రేకు గట్టిగానే పడుతుంది. చక్రం తిరిగే ఊపే షూని (డ్రమ్ము లోపలి అంచుకి రాసుకునే బ్రేకు ముక్కని) డ్రమ్ముకేసి ఇంకా అదుముతుంది కాబట్టి కాలితో పెద్దగా తొక్కే పనుండదు. చిక్కల్లా రెండో బ్రేకు, మూడో బ్రేకు దగ్గర. పార్క్‌వే అనే హైవే మీద గంటకి 65 మైళ్ళలో పోతుంటే ముందు ట్రాఫిక్ ఒక్కసారిగా నిలిచిపోతుంది, తొక్కుతాం, మళ్ళీ కదులుతుంది, మళ్ళీ తొక్కుతాం. వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూ నుంచి దూరం జరుగుతుంది, లైనింగ్ పట్టు వదులుతుంది, పెడల్ కిందికి పోతుంటుంది గానీ కారు ఆగదు. వర్షంలో నీళ్ళు పోతే ఒక పక్క పట్టి ఇంకో పక్క పట్టక కారు పక్కకి లాగుతుంది. వీటన్నిటికంటే నాకు ఎక్కువ భయం పుట్టించింది మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టే భాగం. 1966 వరకు మస్టాంగ్‌కి ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాలకీ అదొక్కటే. ఎక్కడ ఒక రబ్బర్ గొట్టం పగిలినా, ఒక వీల్ సిలిండర్ సీలు పోయినా, మొత్తం బ్రేకులు పోయినట్టే. 1967 నుంచి ఫోర్డ్ రెండు గదులది పెట్టింది, 1968 నుంచి అమెరికాలో కొత్త కార్లన్నిటికీ చట్టమే దాన్ని తప్పనిసరి చేసింది. కాబట్టి 1966 లేదా అంతకుముందు కారున్న ఎవరికైనా నేను చెప్పేది ఇదే, ఇంకేం చేసినా చేయకపోయినా ఆ ఒక్కటి మార్చండి. ఖర్చు పెద్దగా ఉండదు, ఒక శనివారం పని.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. న్యూజెర్సీలో పాతికేళ్ళు దాటిన కారుకి హిస్టారిక్ ప్లేటు తీసుకోవచ్చు, క్యూక్యూ అని ఉంటుంది. అది ఉంటే తనిఖీ అక్కర్లేదు. మంచి సౌకర్యమే, కానీ మన బ్రేకులు ఎలా ఉన్నాయో మనల్ని అడిగే నాథుడు లేడు. రోడ్డు మీద మన పక్కన వెళ్ళే మినీవ్యాన్‌లో పిల్లలుంటారు. వాళ్ళ అమ్మకి తెలియదు మన కారు ఆగడానికి ఎంత దూరం పడుతుందో. ఆ బాధ్యత పూర్తిగా మనదే.

పని ఏ వరసలో చేయాలన్నది చాలా ముఖ్యం. జంక్‌యార్డులో మంచి వెనక యాక్సిల్ దొరికింది, దానికి డిస్కులు కూడా ఉన్నాయి, అది ముందు ఎక్కించేద్దాం, ముందు చక్రాల సంగతి వచ్చే ఏడాది చూద్దాం అనుకునేవాళ్ళుంటారు. అలా అస్సలు చేయకండి. ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్తుంటే డ్రైవర్ బ్రేకు తొక్కగానే అందరం ముందుకి తూలుతాం కదా, కారు బరువూ అలాగే ముందు చక్రాల మీదికి వస్తుంది. వెనక చక్రాల మీద బరువు తగ్గిపోతుంది, రోడ్డుని పట్టుకునే శక్తీ తగ్గుతుంది. అలాంటప్పుడు వెనక కొత్త బ్రేకులు గట్టిగా పట్టి, ముందు పాత డ్రమ్ములు అంతంతమాత్రంగా పడితే, వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి. ముందు చక్రాలు లాక్ అయితే కారు తిన్నగా జారుతుంది, స్టీరింగ్ పనిచేయదు గానీ కనీసం ముఖం ముందుకే ఉంటుంది. వెనకవి లాక్ అయితే కారు తోక తిప్పుతుంది, గిర్రున తిరిగిపోతుంది. అందుకే ముందు చక్రాల పని మొదట, వెనకవాటి పని తర్వాత.

నేను ముందు పక్క వీ8 కారు స్పిండిళ్ళు (ముందు చక్రాలు తిరిగే ఇరుసు ముక్కలు) పెట్టాను, వాటి మీద 11.3 అంగుళాల రోటర్లు, అంటే బ్రేకు డిస్కులు, వాటిని రెండు వైపులా నొక్కి పట్టే నాలుగు పిస్టన్ల కాలిపర్లు. 1965లో ఫోర్డ్ ఆప్షన్‌గా ఇచ్చిన కెల్సీ హేస్ బ్రేకుల డిజైనే ఇది, కొత్తగా తయారు చేసి అమ్ముతున్నారు. వీ8 స్పిండిల్ పెడితే, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే టై రాడ్ చివర్లు కూడా వీ8వే కావాలి, ఆరు సిలిండర్లవి సన్నగా ఉంటాయి, ఆ రంధ్రంలో కుదరవు. ఈ సంగతి చాలా కిట్ల ప్రకటనల్లో రాయరు. పాతకాలంలో 1975 నుంచి 80 వరకు వచ్చిన ఫోర్డ్ గ్రనాడా స్పిండిళ్ళు తెచ్చి పెట్టేవాళ్ళు, చవకే, ఆగడం బాగానే ఆగుతుంది, కానీ మన కారులో స్టీరింగ్ చేతి కోణం తేడా వచ్చి గుంతలో పడ్డప్పుడల్లా చక్రం దానంతటది కాస్త తిరుగుతుంది. న్యూజెర్సీ రోడ్లకి అది నాకు నచ్చలేదు.

ఇక వెనక్కి వద్దాం. ముందు ఐదు నట్లయ్యాక వెనక నాలుగుతో నడపొచ్చు గానీ స్పేర్ చక్రం ఏది పెట్టుకోవాలి? అదీ కాక ఆ 7.25 అంగుళాల యాక్సిల్ వీ8 ఊపుకి తట్టుకునేది కాదు. నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, ఆ కాలపు 8 అంగుళాల యాక్సిల్, మస్టాంగ్‌కి ఉన్నదున్నట్టు సరిపోతుంది, కోత లేదు వెల్డింగ్ లేదు. రెండు, 9 అంగుళాలది, 1957 నుంచి ఫోర్డ్ పెద్ద కార్లకీ ట్రక్కులకీ వచ్చింది, ఉక్కుపిండం లాంటి సామాను, ఇప్పుడు దానికి ధర కూడా అలాగే ఉంది. మూడు, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎస్‌యూవీ కింద వచ్చే 8.8 అంగుళాలది. 1995 నుంచి 2001 వరకు వచ్చిన ఎక్స్‌ప్లోరర్ల వెనక డిస్క్ బ్రేకులుంటాయి, షాఫ్టులకి 31 పళ్ళు, నట్ల కొలత సరిగ్గా మన ఐదు నట్ల మస్టాంగ్ కొలతే, నాలుగున్నర అంగుళాల వలయం. జంక్‌యార్డులో ఏ వరసలో చూసినా ఒకటి కనిపిస్తుంది.

నిజం చెప్పాలంటే మీ కారు మొదట్నించీ వీ8ది అయి, 8 అంగుళాల యాక్సిల్ మంచి స్థితిలో ఉండి, 10 అంగుళాల డ్రమ్ములు గుండ్రంగా ఉంటే, దాన్ని కదపకండి. ఆ డబ్బు ముందు డిస్కులకీ మాస్టర్ సిలిండర్‌కీ పెట్టండి. ఇలాంటి కారులో వెనక బ్రేకులు చేసే పని తక్కువే, మంచి డ్రమ్ము ఆ పనికి చాలు. నాకు ఎలాగూ యాక్సిల్ మార్చక తప్పదు, డిస్కులు దాంతోపాటే వచ్చాయి, అందుకని పెట్టాను.

మా వీధిలో ఒక నెల్లూరు అన్న ఉన్నాడు, వాళ్ళ నాన్నగారికి లారీలుండేవి, చిన్నప్పుడంతా విజయవాడ ఆటోనగర్‌కి లారీలతోపాటు వెళ్ళి వారాలు అక్కడే ఉండేవాడట. జంక్‌యార్డుకి ఆయన్నే తీసుకెళ్ళాను. ఎక్స్‌ప్లోరర్ వెనక చక్రం ఒకటి చేత్తో తిప్పి, రెండోది ఎటు తిరుగుతుందో నన్ను చూడమన్నాడు. "తమ్ముడూ, రెండూ ఒకే వైపు తిరిగితే లోపల క్లచ్ ప్లేట్లు ఇంకా పట్టు మీదున్నట్టే. కవర్ బోల్టు కింద రేకు ముక్క ఉంటుంది చూడు" అన్నాడు. తుప్పు గీకి చూస్తే 3ఎల్55 అని ఉంది. మధ్యలో ఎల్ ఉంటే లిమిటెడ్ స్లిప్, రేషియో 3.55. కవర్ విప్పి క్రౌన్ పళ్ళ మీద వేలు పెట్టి ఒక్కో పన్నూ తడిమాడు, ఆయిల్ రెండు వేళ్ళ మధ్య రాసి వెలుగులో చూశాడు, ఇత్తడి మెరుపులు లేవు. "క్రౌన్ పినియన్ కాపురం బాగుంది, దాన్ని విడదీయకు, అట్లాగే వాడుకో" అన్నాడు. మంచి సలహా. నడిచి నడిచి ఒకదానికొకటి అలవాటైన పళ్ళని విప్పి మళ్ళీ బిగిస్తే ఆ కుదురు రావడం కష్టం, ఇక జీవితాంతం ఊళ పెడుతూనే ఉంటాయి.

రేషియో గురించి కూడా చెప్పేస్తాను. నా కారులో ముందున్నది 2.83. పాతిక అంగుళాల టైరుతో, పై గేరు నేరుగా తిరిగే మూడు గేర్ల ఆటోమేటిక్‌తో, గంటకి 65 మైళ్ళ వేగంలో ఇంజిన్ నిమిషానికి సుమారు 2,470 చుట్లు తిరుగుతుంది. 3.55 అయితే 3,100. 3.73 అయితే 3,260. చాలామంది 3.73 అంటే ఎగబడతారు, సిగ్నల్ దగ్గర సరదాగానే ఉంటుంది, గంటసేపు పార్క్‌వే మీద నడిపితే చెవులు దిబ్బళ్ళు వేస్తాయి. తర్వాత టి5 అనే ఐదు గేర్ల బాక్సు పెట్టే ఆలోచన ఉంది, దాని ఐదో గేరు 0.68, అప్పుడు 3.55 తో 65 మైళ్ళకి 2,100 చుట్లే వస్తాయి. అలాంటి ఆలోచనేమీ లేకపోతే 3.27 వెతుక్కోండి.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. ఎక్స్‌ప్లోరర్ యాక్సిల్ ఒక అంచు నుంచి ఇంకో అంచుకి 59 అంగుళాల పైన ఉంటుంది, మస్టాంగ్‌కి కావాల్సింది 57 అంగుళాల పావు. అదీ కాక ఎక్స్‌ప్లోరర్‌లో డిఫరెన్షియల్ (యాక్సిల్‌లో గేర్లుండే గుండు) సరిగ్గా మధ్యలో ఉండదు, కుడి గొట్టం పొట్టిది, ఎడమ గొట్టం పొడుగుది. దీనికి ఎవరు కనిపెట్టారో గానీ చక్కటి ఉపాయం ఉంది. ఎడమ గొట్టాన్ని సుమారు 3 అంగుళాలు కోసేస్తే రెండు పక్కలూ సమానమైపోతాయి. అప్పుడు ఎడమ పక్క కూడా కుడి పక్క పొట్టి షాఫ్టే సరిపోతుంది, ఇంకో ఎక్స్‌ప్లోరర్ నుంచి ఒక కుడి షాఫ్టు తెచ్చుకుంటే చాలు, కొత్తగా చేయించే పనిలేదు. మొత్తం వెడల్పు 56 అంగుళాల ముప్పావు దగ్గరికి వస్తుంది, పాతదానికంటే కొంచెం తక్కువ, ఫెండర్ కింద టైరుకి చోటు ఇంకాస్త దొరుకుతుంది.

కోత నేను చేయలేదు, చేయకూడదనే అనుకున్నాను. వెల్డింగ్ నాకు వచ్చు, కానీ గొట్టం చివర బేరింగూ సీలూ కూర్చుంటాయి, అక్కడ వెంట్రుకవాసి వంకర వచ్చినా సీలు కారుతుంది, బేరింగ్ అరుగుతుంది. దగ్గర్లో ఒక మెషీన్ షాప్ ఉంది, పెద్దాయన ఒక్కడే నడుపుతాడు, రేసు కార్ల యాక్సిళ్ళే చేస్తాడు. ఆయన పని దగ్గరుండి చూశాను. ముందు గొట్టం పొడుగునా గోటితో గీసినంత సన్నగా ఒక గీత గీశాడు. కోశాక చివరి ముక్క మళ్ళీ అదే గీతకి కలవాలి, లేకపోతే బ్రేక్ కాలిపర్ కూర్చునే ఫ్లాంజ్ తిరిగిపోయి కాలిపర్ కమాన్ కట్టకి (కారు బరువు మోసే ఉక్కు పట్టీల కట్టకి) తగులుతుంది. తర్వాత డిఫరెన్షియల్ బేరింగులుండే చోట రెండు ఉక్కు బిళ్ళలు బిగించి, గొట్టం చివర ఇంకో బిళ్ళ పెట్టి, వాటన్నిట్లోంచి ఒక పొడుగాటి నున్నటి కడ్డీ దూర్చాడు. ఒక చోట చిన్న టాకా వేయడం, కడ్డీని రెండు వేళ్ళతో తిప్పి చూడటం. తేలిగ్గా తిరిగితే ఎదురుగా ఇంకో టాకా. ఎక్కడైనా బిగిసిందంటే ఆగి, వేడి చల్లారాక రెండో పక్క నుంచి వెల్డ్ వేసి వెనక్కి లాక్కొచ్చేవాడు. ఇనుము చల్లారేటప్పుడు వెల్డ్ ఉన్న వైపు లాగుతుంది, ఆ లాగుడునే ఆయన పనిముట్టుగా వాడుకున్నాడు. ఎక్కడా తొందర లేదు, మధ్యలో ఫోన్ మోగినా తీయలేదు.

అదే పనిలో గొట్టాల్ని మధ్య భాగానికి చుట్టూ వెల్డ్ చేయించాను. ఈ 8.8 యాక్సిల్‌లో గొట్టాల్ని మధ్యలోని పోత ఇనుములోకి నొక్కి, రెండు మూడు చోట్ల మాత్రమే వెల్డ్‌తో అంటిస్తారు. గట్టిగా లాగితే గొట్టం లోపల తిరిగిపోవచ్చు. పోత ఇనుముని మామూలుగా వెల్డ్ చేస్తే పగులుతుంది, ముందుగా బాగా వేడి చేసి, నికెల్ రాడ్‌తో వేసి, దుప్పటి లాంటి గుడ్డ కప్పి మెల్లగా చల్లారనివ్వాలి.

తర్వాతి పని కమాన్ కట్టలు కూర్చునే దిమ్మెలు. ఎక్స్‌ప్లోరర్‌వి కోసేసి మస్టాంగ్ కొలతకి కొత్తవి వెల్డ్ చేయాలి, కానీ వాటిని బల్ల మీద పెట్టి వెల్డ్ చేసేయకూడదు. యాక్సిల్‌ని కట్టల మీద వదులుగా పెట్టి, కారు బరువంతా చక్రాల మీద ఉంచి, పినియన్ ముక్కు ఎటు చూస్తోందో కోణం కొలిచి, అప్పుడు టాకాలు వేయాలి. గేర్‌బాక్స్ వెనక కోణం, పినియన్ కోణం ఒకదానికొకటి సరిపోకపోతే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కి ఊపు తెచ్చే పొడుగు గొట్టం) వణుకుతుంది, ఒక వేగం దగ్గర సీటు కింద జుమ్మని వస్తుంటుంది. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కట్టలు మెలితిరిగి ముక్కు పైకి లేస్తుంది కాబట్టి, రెండు డిగ్రీలు కిందికి ఉంచాను. చవకగా దొరికే డిజిటల్ కోణమానిని ఇక్కడ బంగారం లాంటిది.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర జాగ్రత్త. ఎక్స్‌ప్లోరర్ పినియన్‌కి గుండ్రటి ఫ్లాంజ్ ఉంటుంది, మస్టాంగ్ షాఫ్ట్ దానికి నేరుగా పట్టదు. ఫ్లాంజ్ తీసి వేరేది పెట్టాలంటే పినియన్ నట్టు విప్పాలి, ఆ నట్టు వెనకాల నలిగే గొట్టం ఒకటుంటుంది, బేరింగుల బిగువు అంతా దాని మీదే. ఒకసారి నలిగిందాన్ని విప్పి మళ్ళీ గట్టిగా బిగించేస్తే బేరింగ్ కాలిపోతుంది. ఫ్లాంజ్‌కి బిగించే అడాప్టర్ దొరుకుతుంది, అది వేసి షాఫ్ట్‌ని ఆ మేరకు పొట్టి చేయించి బ్యాలెన్స్ చేయించాను. నట్టు జోలికే పోలేదు.

వెనక డిస్కులు 11 అంగుళాల పావు, ఒక్కో పిస్టన్ కాలిపర్. హ్యాండ్‌బ్రేక్‌కి రోటర్ మధ్యలో చిన్న డ్రమ్ము, దానిలో చిన్న షూలు. ఈ ఏర్పాటు నాకు బాగా ఇష్టం, వాలులో గట్టిగా పట్టుకుంటుంది. కాకపోతే న్యూజెర్సీ ఉప్పుకి ఆ షూలు వెనక రేకుతోపాటు తుప్పు పట్టిపోతాయి, జంక్‌యార్డు యాక్సిల్‌కి అవన్నీ కొత్తవి వేసుకోవాల్సిందే. కేబుల్ ఎక్స్‌ప్లోరర్‌ది వెనక, మస్టాంగ్‌ది ముందు, మధ్యలో కలిపే క్లిప్పు ఒకటి.

ఇక అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది మాస్టర్ సిలిండర్ ఎంపిక మీద. ముందు డిస్కు వెనక డ్రమ్ము కోసం చేసిన వాటిలో కొన్నిటికి వెనక చక్రాలకి వెళ్ళే బ్రేక్ ఆయిల్ దారిలో చిన్న వాల్వు ఉంటుంది, షూలు మరీ వెనక్కి పోకుండా 10 పీఎస్‌ఐ ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచుతుంది. డ్రమ్ముకి అది కావాలి. డిస్కుకి అదే వాల్వు ఉంటే ప్యాడ్లు రోటర్‌ని వదలవు, రాసుకుంటూ తిరిగి ఎర్రగా కాలుతుంది. నాలుగూ డిస్కులైతే నాలుగు డిస్కుల మాస్టరే అడగండి. నేను బూస్టర్ (కాలి బలాన్ని పెంచే పరికరం) పెట్టలేదు, 15/16 అంగుళాల బోర్, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, ఉన్నది తీసుకున్నాను. బోర్ పెద్దదైతే పెడల్ రాయిలా ఉంటుంది, కాలి బలమంతా పెట్టాలి, చిన్నదైతే ఒత్తిడి ఎక్కువ వస్తుంది గానీ పెడల్ ఎక్కువ దూరం నడుస్తుంది. మరీ చిన్నది తీసుకుంటే నాలుగు కాలిపర్లని నింపేలోపే పెడల్ నేలకి తగులుతుంది.

వెనక బ్రేక్ గొట్టంలో చేత్తో తిప్పే ప్రొపోర్షనింగ్ వాల్వు పెట్టాను, వెనక బ్రేకులకి వెళ్ళే ఒత్తిడిని తగ్గించేది. దీన్ని సెట్ చేయకుండా కారు రోడ్డెక్కించకూడదు. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ స్థలంలో, ఓనర్ అనుమతి తీసుకుని, నెల్లూరు అన్నని పక్కన నిలబెట్టి టైర్లు చూడమన్నాను. వెనక ఒత్తిడి బాగా తగ్గించి మొదలుపెట్టి, గట్టిగా తొక్కడం, ఏ చక్రం ముందు ఆగింది, మళ్ళీ కొంచెం తెరవడం. ఒక దశలో వెనకవి ముందుగా కీచుమన్నాయి, "వెనకది పట్టేసింది, తగ్గించు" అని అన్న దూరం నుంచే అరిచాడు. అక్కణ్ణించి కొంత వెనక్కి తిప్పి ఆపేశాను. చాలామంది ఈ పని తడి నేల మీద చేస్తారు, టైర్లు పాడవవని, చక్రాలు తేలిగ్గా జారతాయని. దాంతో మోసపోవచ్చు. తడిలో కారు అంత వేగంగా ఆగలేదు కాబట్టి బరువు ముందుకి అంతగా రాదు, వెనక చక్రాలకి పట్టు మిగిలే ఉంటుంది, అంతా బాగున్నట్టు కనిపిస్తుంది. పొడి నేల మీద గట్టిగా తొక్కితే బరువంతా ముందుకొచ్చి, అదే సెట్టింగ్‌లో వెనకవి లాక్ అవుతాయి. అందుకే చివరి లెక్క పొడి నేల మీదే తేల్చుకోండి, మంచి టైర్లతో. తర్వాత వేరే టైర్లు వేస్తే మళ్ళీ చూసుకోండి.

మిగతావి మామూలు పనులే, కానీ వదలకండి. మాస్టర్ సిలిండర్‌ని కారుకి బిగించేముందే బల్ల మీద గాలి తీయాలి. పాత రబ్బర్ గొట్టాలు మూడూ కొత్తవి వేయండి, పైకి బాగున్నా లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటాయి. బ్రేక్ ఆయిల్ డాట్ 3 లేదా డాట్ 4, డాట్ 5 మాత్రం వీటితో కలపకూడదు. లిమిటెడ్ స్లిప్ యాక్సిల్‌కి గేర్ ఆయిల్‌తోపాటు ఫ్రిక్షన్ మోడిఫైయర్ సీసా కూడా పోయాలి, లేకపోతే పార్కింగ్‌లో మలుపు తిప్పినప్పుడల్లా వెనక టకటకమంటుంది. చక్రాలు 15 అంగుళాలవి, ఈ డిస్కుల మీద ఆ కాలపు 14 అంగుళాల చక్రాలు చాలావరకు పట్టవు, కొనేముందు పెట్టి చూసుకోండి. ఈ యాక్సిల్‌లో షాఫ్టుల్ని లోపల సి ఆకారపు క్లిప్పు పట్టి ఉంచుతుంది, షాఫ్ట్ విరిగితే చక్రంతో సహా బయటికి రావచ్చు, 9 అంగుళాలదాంట్లో ఆ భయం లేదు. రోడ్డు మీద మామూలుగా నడిపే కారుకి ఇది చాలు, డ్రాగ్ రేసులకి వెళ్ళేవాళ్ళు మాత్రం ఆలోచించుకోవాలి.

ఇప్పుడు కారు ఆగడం గురించి చెబితే, మొదటి తేడా దూరం కాదు, నమ్మకం. వరసగా మూడోసారి తొక్కినా పెడల్ అదే ఎత్తులో ఉంటుంది, కారు తిన్నగా ఆగుతుంది. వర్షంలో కూడా. ముందు కారుకి నాలుగు కార్ల దూరం వదిలి, భుజాలు బిగబట్టుకుని నడిపే అలవాటు పోయింది.

వందల మైళ్ళు తిరిగాక, యాక్సిల్‌ని కమాన్ కట్టలకి పట్టి ఉంచే యూ బోల్టులు మళ్ళీ బిగించాను, కట్టలు సర్దుకుని కొంచెం వదులయ్యాయి, ప్రతి ఒక్కరికీ అవుతాయి కాబట్టి తప్పకుండా చూసుకోండి. యాక్సిల్ ఆయిల్ కూడా ఒకసారి దించి చూశాను, శుభ్రంగానే ఉంది. ఎడమ పక్క సీలు దగ్గర తడి లేదు. దిమ్మెల మధ్య దూరం, షాఫ్ట్ పొడవు, కేబుల్ క్లిప్పు కొలతలు కావాలంటే అడగండి, కాగితం మీద రాసి పెట్టుకున్నాను, ఫోటో తీసి పెడతాను.